మంట పద్దు

పొద్దున్నే మిర్చి యార్డులో మొదటి తుమ్ము నాది.
పన్నెండేళ్ళుగా అంతే.
లారీ తాడు విప్పకముందే
వచ్చింది తేజానో బ్యాడిగో
నా ముక్కు చెప్పేస్తుంది.
కాయ విరిచి, గింజ చూసి,
నాలిక కొసన ఆనించి రేటు పలుకుతాను.
నాలిక మీదుగా నడిచిపోయిన క్వింటాళ్ళకి
కడుపు కమీషన్ కడుతోంది.

కొత్తపేట డాక్టరు గొట్టం వేసి చూశాడు.
"ఇంకా పుండు కాలేదు, పూతే" అన్నాడు.
మామిడిచెట్టు గురించైతే సంతోషించేవాణ్ణి.
పరగడుపున ఒక బిళ్ళ రాసి
కారం మానెయ్యమన్నాడు.
గుంటూరు నడిబొడ్డున కూర్చుని
ఎంత ధైర్యం ఆయనకి!

ఇంటికొస్తే ఒక్కొక్కరిది ఒక్కో వైద్యం.
బావమరిది కరక్కాయ బుగ్గన పెట్టుకోమన్నాడు,
పెదనాన్న శొంఠి, పైవాటా ఆవిడ సోంపు కషాయం.
ఎవరో త్రిఫల డబ్బా ఇచ్చారు,
మూత తీస్తే పాత బీరువా వాసన.
అన్నీ మింగాను, ఒకదాని మీద ఒకటి,
బస్తా మీద బస్తా నెట్టు కట్టినట్టు.
అడుగు బస్తాని నేనే.

కాటా షెడ్డు నీడలో సైదమ్మ మజ్జిగ కుండ.
ఒక వంతు పెరుగుకి మూడు వంతుల నీళ్ళు,
వేయించి నలిపిన వాము చిటికెడు,
దంచిన అల్లం, తుంచిన కరివేపాకు.
ఉప్పు ఎంతంటే
"ఉందో లేదో అన్నంత."

గ్లాసు ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"రేత్రి ఎన్నింటికి తిన్నావ్?"
పదకొండున్నర.
"ఏంది?"
గోంగూర, పచ్చి ఉల్లిపాయ, నెయ్యి.
మళ్ళీ కొంచెం గోంగూర.
"తిని?"
పడుకున్నా.
"మరి వామేం చేసిద్దయ్యా!
అర్ధరాత్రి లేచి తలుపు తియ్యడానికి
అదేమన్నా నీ పెళ్ళామా?"

హమాలీలంతా నవ్వారు.
తాగుతూ నేనూ నవ్వాను. పొలమారింది.

యార్డులో బేరాలు సద్దుమణిగిన ఒక మధ్యాహ్నం అడిగాను
ఈ మజ్జిగ ఎవరు నేర్పారని.
మాట్లాడకుండా అరచేతులు తిప్పి చూపించింది.
ఇరవై మూడేళ్ళు కోల్డ్ స్టోరేజీ వెనక
తొడిమలు తీసిన చేతులు.
వేళ్ళ కొసలు నున్నగా,
చెరిపేసిన పలకలా.

"రేత్రయితే మంట.
పిల్లని ఎత్తుకుంటే పిల్ల ఏడ్చేది.
మజ్జిగ గిన్నెలో మణికట్టు దాకా ముంచి
తెల్లారేదాకా కూర్చునేదాన్ని.
చేతులకి పోగా కుండలో మిగిలింది
అన్నం ఉంటే అన్నంలోకి,
లేకపోతే ఇంత వాము వేసుకుని తాగేదాన్ని.
మందని కాదయ్యా.
ఇంట్లో అదే ఉండేది."

ఎవరో చిల్లర అడిగారు. లేచి వెళ్ళింది.

నా పద్దు పుస్తకంలో
తేమకి గడి ఉంది, తాలుకి గడి ఉంది,
గోతం బరువుకీ తరుగుకీ ఉంది.
మంటకి ఏ గడీ లేదు.
పెన్ను పట్టుకుని చాలాసేపు
ఖాళీ మార్జిన్ చూస్తూ కూర్చున్నాను.
ఏం రాయలేదు.

మేలో యార్డుకి సెలవులు.
ఏడున్నరకే కంచం ముందు కూర్చుంటున్నాను.
పెసరకట్టు, పొట్లకాయ కూర,
జీలకర్ర ఘుమాయించే చారు.
తిన్నాక అరండల్‌పేట లైన్ల వెంట
నాలుగు వీధులు నడక.
"ఎవరింటి అల్లుడివి, ఇంత బుద్ధిమంతుడివి?"
అంటోంది మా ఆవిడ.
బిళ్ళ మాత్రం మానలేదు.
డాక్టరు చెప్పందే మానొద్దని
సైదమ్మే ఒట్టు వేయించుకుంది.

మంట పోయిందా అంటే పోలేదు.
రోజూ వచ్చేది
ఇప్పుడు చుట్టపు చూపుగా వస్తోంది.

మజ్జిగ నేనే కలుపుకుంటున్నాను.
వాము సరిగ్గానే వేగుతోంది,
అల్లం సరిగ్గానే నలుగుతోంది.
చిటికెడు తగ్గించి చూశాను,
రెండు వేళ్ళతో చల్లి చూశాను.
నాలుగుసార్లు కలిపాను.
నాలుగుసార్లూ
ఉప్పు ఉంది.